మూడు తోపుల తనిఖీ

రెండు వేల మూడు మార్చి నెలలో ప్రపంచమంతటికీ ఒకటే పని, ఇరాక్‌లో ఆయుధాలు దాచారా లేదా అని తేల్చడం. ఐక్యరాజ్యసమితి పంపిన తనిఖీదార్లు అక్కడ గోదాముల తాళాలు తీయించి చూస్తుంటే, హైటెక్ సిటీలో ఒక ఆఫీసు నాలుగో అంతస్తు క్యాంటీన్లో జనం వాళ్ళకంటే చురుగ్గా పని చేస్తున్నారు. పెరుగన్నం కలిపేలోపు బాగ్దాదంతా గాలించేసి, అరటిపండు వలిచేలోపు తీర్పు చెప్పేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవారు.

ఆ క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల కరుణది, జాషువాది. కరుణ టెస్టింగ్‌లో పని చేస్తుంది. అంటే జాషువా లాంటివాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. జాషువా తన ప్రోగ్రాములో తప్పుందంటే ముందు నవ్వుతాడు, తర్వాత వాదిస్తాడు, ఆ తర్వాత ఎవరూ చూడకుండా దిద్దుకుంటాడు. రెండేళ్ళపాటు అతని తప్పులు పట్టుకుని పట్టుకుని, ఇదేదో జీవితాంతం చేస్తే పోలా అనుకుంది కరుణ. అతనికీ అదే బుద్ధి పుట్టింది. ఈస్టరు దాటాక పెళ్ళి అనుకున్నారు. ఇక మిగిలింది పెద్దవాళ్ళు ఒప్పుకోవడమే.

"మూడు నెలల పైనుంచి వెతుకుతున్నారు. దొరకలేదు. అంటే లేవనేగా?" అన్నాడు జాషువా ఆ బుధవారం.

"దొరకలేదంటే దొరకలేదనే. లేవని నేనెట్ల చెప్త? నీ ప్రోగ్రామ్‌ల బగ్ లేదని ఎన్నడన్న రాసిచ్చిన్నా నీకు?" అంది కరుణ.

"ఇలా అయితే భూమ్మీద ఎవడూ బతకడు. లేనిదాన్ని లేదని ఎలా చూపిస్తాం? నా జేబులో ఏనుగు లేదు. ఎలా నిరూపించను?"

"జేబు బయటికి తియ్యి."

తీశాడు. బస్ పాసు, ఒక రబ్బరు బ్యాండు, తాండ్ర ముక్క చుట్టిన జిడ్డు కాగితం బల్ల మీద రాలాయి. ఏనుగు రాలేదు.

"గీ జేబుల లేదని తేలింది. ఇంకో జేబున్నది," అంది కరుణ ఆ తాండ్ర ముక్క నోట్లో వేసుకుంటూ. "అట్లని యుద్ధం చేయమంటలేను. దొరకనిదానికి దండన వేస్తరా ఎవరన్న? ఎతికెటోళ్ళకు ఇంకింత టైమియ్యాలె. మీరు మాకెప్పుడన్న ఇస్తరా? రిలీజ్ రేపు, టెస్టింగ్ ఇయ్యాల."

పక్క బల్లలవాళ్ళు కూడా కుర్చీలు జరుపుకుని వచ్చారు. ఆ రోజుల్లో క్యాంటీన్ ఏ విషయం మీదైనా రెండుగా చీలడానికి సిద్ధంగా ఉండేది. ఇరాక్ మీద ఒక రకంగా చీలినవాళ్ళే, ప్రత్యేక రాష్ట్రం మాట రాగానే లేచి ఇంకో రకంగా సర్దుకుని కూర్చునేవారు. యుద్ధం వద్దని ఒకే పక్షాన అరిచిన ఇద్దరు, రాష్ట్రం దగ్గరికొచ్చేసరికి చెరో పక్కన తేలేవారు. కరుణది నానక్‌రామ్‌గూడ, జాషువాది తుని దగ్గర పల్లె. వాళ్ళు మాత్రం ఎన్ని చీలికలు వచ్చినా ఆ కిటికీ పక్క నుంచి లేవలేదు.

ఇక అసలు చిక్కు ఆ సాయంత్రం మొదలైంది.

కరుణ నాయిన శామ్యూల్ గోల్కొండ అవతల ఒక మిలిటరీ గోదాములో ముప్పై ఏళ్ళు స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన కాపాడిన సామాను చిన్నాచితకాది కాదు, ఫిరంగులవి. అక్కడ అందరూ వాటిని తోపులనేవారు, ఆయనా తోపులే అనేవాడు. చక్రం దగ్గర్నుంచి మర దాకా ఏ తోపు ముక్క ఏ అరలో ఉందో ఆయన రిజిస్టరు చూడకుండా చెప్పగలడు. అయితే పరీక్ష కోసం పేల్చిన ప్రతి తోపూ ఆయన ఎడమ చెవిలోంచి కాస్త కాస్త వినికిడి పట్టుకుపోయింది. ఆయనకు సగం చెవుడని నానక్‌రామ్‌గూడలో గేదెలకు కూడా తెలుసు. ఆయన మాత్రం ఒప్పుకోడు. మళ్ళీ చెప్పండి అని అడగడం ఆయనకు మహా నామోషీ. వినబడింది వినబడినంత, మిగతాది సొంతంగా నింపుకుంటాడు.

ఆ సాయంత్రం జాషువా నాన్న దానియేలు మాస్టారు ఫోను చేశాడు. ఆయన హెడ్‌మాస్టరుగా రిటైరై, కొడుకు ఉద్యోగం కోసమని భార్య ఎలిజబెత్‌తో సహా ప్రగతి నగర్‌కొచ్చి స్థిరపడ్డాడు. కరుణ తలుపు చాటున నిలబడి నాయిన వైపు మాటలే వింది. "ఆ… ఆ… మంచిది సార్… అట్లనా… ఎన్ని?… ఆ." అంతే. ఫోను పెట్టేసి శామ్యూల్ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"వాళ్ళకు మూడు తోపులున్నయంట," అన్నాడు చివరికి.

కరుణకు నవ్వొచ్చింది. హైదరాబాద్ కుర్రకారు తోపు అంటే మొనగాడని అర్థం. తండ్రీ కొడుకూ, ఇంకెవరో చిన్నాన్నో కలిసి మేం మూడు తోపులమని చెప్పుకున్నారేమో, గోదావరివాళ్ళకు కాస్త గొప్పలెక్కువే అనుకుంది. అదే అంది కూడా.

"గొప్పలు గాదు బిడ్డా. తోపులు. వాళ్ళ ఊర్ల. తాతల నాటియంట. దాచేదేం లేదు, ఎప్పుడొచ్చినా చూస్కోండ్రి అన్నడు."

కరుణ తల్లి సెలీనా దవాఖానలో నర్సు, డ్యూటీకి తయారవుతోంది. "తోపులు ఇండ్లల్ల వెట్టుకుంటరా ఎవరన్న? నువ్వు సక్కగ ఇనలేదు," అంది జడ వేసుకుంటూ.

"నా చెవుకేమైంది?" అన్నాడు శామ్యూల్. సెలీనా సంచి భుజానికేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

పక్కింటి వీరేశం అప్పుడే వచ్చాడు. శామ్యూల్‌కు చిన్ననాటి నేస్తం, కరుణకు కాక. ఉద్యమం మొదలైన దగ్గర్నుంచీ మెడలో గులాబీ కండువా లేకుండా పాలు పితకడానికి కూడా వెళ్ళడు. సంగతి విని, కండువా సర్దుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"శామేలన్నా, గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు లేదా? మనం అడగనేలే, దాచేదేం లేదని ఆయన ముందుగాలనే ఎందుకన్నడు? అంటే దాచిండన్నట్టే. మన నీళ్ళు యాడ దాచిండ్రో నలభై ఏడేండ్ల సంది జెప్పలే, ఇగ తోపులు జెప్తరా?"

"వాళ్ళే చెప్పిండ్రు గద కాకా, ఉన్నయని," అంది కరుణ.

"అదే మరి. మూడున్నయని జెప్పిండంటే ముప్పై ఉన్నట్టు."

శామ్యూల్ రోజంతా టీవీ ముందు కూర్చుని యుద్ధం కోసం ఎదురుచూస్తున్న మనిషి. సోదాలేంది, దాచినోడు చూపెడ్తడా, కొట్టుడే అన్నది ఆయన సిద్ధాంతం. కానీ వియ్యంకుడి ఇంటి మీద ఉన్నపళాన దండెత్తలేడు కదా. అందుకని ఆచారాన్ని అడ్డం పెట్టుకున్నాడు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల తరఫువాళ్ళు పిల్లవాడి ఇల్లు చూడడానికి వెళ్తారు. గదులు లెక్కబెడతారు, నీళ్ళు తాగి చూస్తారు, పక్కింటివాళ్ళను అడుగుతారు. ఆ పాత ఆచారానికి ఈసారి ఐక్యరాజ్యసమితి హోదా పట్టింది. ఆదివారం ఆరాధన కాగానే ప్రగతి నగర్‌లో తనిఖీ అని తేలింది.

మర్నాడు క్యాంటీన్లో కరుణ జాషువాను సూటిగా అడిగింది.

"మీకు తోపులున్నయా?"

"ఉన్నాయి. మూడు. నాన్న చెప్పారటగా."

"నిజమైనయేనా?"

"అబద్ధం తోపులు కూడా ఉంటాయా?"

"ఏం చేస్తరు వాటితోని?"

"ఏం చేయడమేంటి? మా చదువులన్నీ వాటి మీదే గడిచాయి. అవి లేకపోతే నేనిక్కడ కూర్చుని నీచేత తిట్లు తినేవాణ్ణా?"

కరుణ గొంతు తగ్గించింది. "వాటి మూలంగ ఎవరికన్న దెబ్బలు గిట్ల తగిలినయా?"

జాషువా ఆలోచించాడు. "మా చిన్నాన్న పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అంతే. అదీ చూసుకోకుండా ఎక్కినందుకు."

మొహం ఇంత అమాయకంగా పెట్టి ఏడిపించగలడని ఆమెకు ఇంతవరకు తెలియదు. ఇంకా గుచ్చి అడిగేదే, ఇంతలో సర్వరు పడిపోయిందని ఇద్దరినీ చెరో అంతస్తుకు పిలుచుకుపోయారు. ఆ మూడు రోజులూ కరుణకు ఒక పూట నవ్వు, ఒక పూట దడ. నాయిన వద్దంటే తను గుమ్మం దాటి వెళ్ళదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. జాషువాను వదులుకుని బతకడమూ తన వల్ల కాదు. అదీ తెలుసు. ఈ రెంటి మధ్యా మూడు తోపులొచ్చి కూర్చున్నాయి.

ఆదివారం సెలీనాకు డ్యూటీ పడింది. ఆమె వచ్చి ఉంటే ఈ కథ గుమ్మంలోనే అయిపోయేది. శామ్యూల్ తన పాత స్టోరు రిజిస్టరు, ఎర్ర పెన్సిలు సంచిలో వేసుకున్నాడు. వీరేశం కండువా ఇస్త్రీ చేయించుకున్నాడు. పెళ్ళికూతురు ఇల్లు చూడడానికి రాకూడదని ఇద్దరూ అన్నారు. "ఎతుకుడు నా నౌకరి. నౌకరి చేసేదాన్ని ఇంట్ల కూసోమంటే ఎట్ల?" అని కరుణ అందరికంటే ముందు సెవెన్ సీటర్ ఆటో ఎక్కింది. మియాపూర్ డిపో దగ్గర దిగి ఇంకో ఆటో పట్టుకుని, ఒంటిగంటకల్లా ప్రగతి నగర్ చెరువు గట్టు దగ్గర దిగారు.

దానియేలు మాస్టారు తెల్ల చొక్కా వేసుకుని, జేబుకు రెండు పెన్నులు పెట్టుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "వందనాలండి, వందనాలు. రండి బావగారూ," అని ఇంకా కలవని వియ్యాన్ని అప్పుడే కలిపేశాడు. లోపల ఎలిజబెత్ కూర్చోబెట్టిన వెంటనే ప్రార్థన మొదలుపెట్టింది. అందరినీ తలుచుకుని, చివర "నిరుడు గాలివాన నుంచి మా తోపులను కాపాడిన తండ్రీ, నీకే స్తోత్రం" అంది. ఆమెన్ అనాల్సిన చోట శామ్యూల్ ఒక కన్ను తెరిచి వీరేశం వైపు చూశాడు. వీరేశం రెండు కళ్ళూ ఎప్పుడో తెరిచి ఉన్నాడు.

తర్వాత తనిఖీ. శామ్యూల్ గోడలు వేలితో కొట్టి చూశాడు. మంచాల కిందికి వంగాడు. బియ్యం డబ్బా మూత తీశాడు. దానియేలు మాస్టారికి ఇది మహా ముచ్చటగా ఉంది. పిల్లను ఇచ్చేవాడంటే ఇలా ఉండాలి అన్నట్టు వెనకాలే తిరుగుతూ, "చూడండి, మొహమాటపడకండి, అటక కూడా చూడండి" అంటున్నాడు. అటక మీదికి వీరేశం ఎక్కాడు.

"శామేలన్నా, గొట్టం," అన్నాడు పైనుంచి, గొంతు దాచుకుంటూ.

పాత దుప్పటి చుట్టిన ఆరడుగుల గొట్టం. కిందికి దించారు. శామ్యూల్ ఒక కన్ను మూసి అందులోంచి చూశాడు. అవతలి చివర జాషువా కన్ను కనిపించింది.

"నీళ్ళ పైపు మార్చినప్పుడు మిగిలిందండీ," అన్నాడు దానియేలు మాస్టారు.

శామ్యూల్ రిజిస్టరు తీసి రాసుకున్నాడు. గొట్టం ఒకటి. నీళ్ళ పైపు అని చెప్పినారు. ఆ 'చెప్పినారు' కింద ఎర్ర పెన్సిలుతో గీత కూడా గీశాడు.

అందరూ ముందు గదిలో కూర్చున్నాక ఎలిజబెత్ పళ్ళెం తెచ్చింది. "తాండ్ర తీసుకోండి అన్నయ్యగారూ, మా తోపుదేనండి."

శామ్యూల్ ముక్క చేతిలో తిప్పి చూశాడు. తోపు ఛాప్ బీడీలు ఆయన చిన్నప్పుడు వచ్చేవి, తాండ్రకు కూడా ఆ మార్కు పెట్టారన్నమాట అనుకుని నోట్లో వేసుకున్నాడు. బాగుంది. ఆ తీపికి ధైర్యం వచ్చి అసలు విషయంలోకి దిగాడు.

"తోపులు మంచి కండిషన్ల ఉన్నయా సారూ?"

"నిరుడు ఒకటి కాస్త దెబ్బతిందండి. మందు కొట్టించాం. ఇప్పుడు బ్రహ్మాండం."

"మందు కొట్టాలె, మందు లేకపోతే ఇగ తోపెందుకు?" అనేశాడు శామ్యూల్. ముప్పై ఏళ్ళ నౌకరీ అలా పలికించింది. వీరేశం మోచేత్తో పొడిచాడు. సర్దుకుని, "కాపలా ఎవరు?" అన్నాడు.

"మనిషిని పెట్టామండి. కోతులు మహా అల్లరి చేస్తాయి."

"కోతుల మీద తోపులా?" అన్నాడు వీరేశం.

"కోతుల మీద తోపులు కాదండీ, తోపు మీదే కోతులు."

వీరేశం దీన్ని కాసేపు మనసులో అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశాడు. "లైసెన్స్ ఉన్నదా మరి?"

"తోపుకి లైసెన్సెందుకండీ, పట్టా ఉంది. మా నాన్న పేర."

"సర్కారే పట్టా ఇచ్చిందా? నేను చెప్తలేనా శామేలన్నా, సర్కారంతా వాళ్ళదే."

కరుణ ఈ మాటలు సగమే వింటోంది. ఆమె చూపు ఎదురు గోడ మీది ఫోటో దగ్గర ఆగిపోయింది. పసుపెక్కిన పాత ఫోటో. నిక్కరు తొడుక్కున్న ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు, ఒక్క పన్ను ఊడిన నవ్వు. అది జాషువా నవ్వేనని దేశం అవతలి నుంచైనా చెప్పగలదు. ఫోటో కింద మాస్టారి గుండ్రటి దస్తూరీ: 'తోపులో జాషువా, వేసవి సెలవులు.'

తోపులో.

టెస్టింగ్ చేసే బుర్ర ఒక్క అక్షరం దగ్గర ఆగితే ఇక కదలదు. తోపు మీద ఎక్కచ్చు. తోపు పక్కన నిలబడచ్చు. తోపులో పిల్లవాడు ఎలా ఉంటాడు? లేచి దగ్గరకెళ్ళి చూసింది. పిల్లవాడు కూర్చున్నది చెట్టు పంగలో. వెనకాల చెట్టు, దాని వెనక ఇంకో చెట్టు, ఆపైన అన్నీ చెట్లే. జేబులోంచి రాలిన తాండ్ర ముక్క గుర్తొచ్చింది. పడి కాలు విరగ్గొట్టుకున్న చిన్నాన్న, మందు, గాలివాన, కోతులు వరసగా గుర్తొచ్చాయి. అంతే, నవ్వు పొట్టలోంచి పుట్టి గొంతుకు అడ్డం పడింది.

సరిగ్గా అప్పుడే దానియేలు మాస్టారు ఉదారంగా చెయ్యి చాపి, "ఆ మూడింట్లో ఒక తోపు కోడలిపిల్ల పేరే రాసేద్దామనుకున్నామండి" అన్నాడు.

శామ్యూల్ దిగ్గున లేచాడు. కరుణ ఫక్కున నవ్వింది.

"నా బిడ్డకు తోపా? గది దేనికి పనికొస్తది దానికి? ఎవ్వరి మీద పేల్చాలె?" అన్నాడు శామ్యూల్. కోపంలో ఆయన గొంతు ఎప్పుడూ గోదాములో పలికినట్టే పలుకుతుంది. నవ్వుతున్న కూతుర్ని చూసేసరికి ఆ కోపంలోకి ఇంకేదో వచ్చి చేరింది. తన చెవిని చూసి నవ్వుతోందనుకున్నాడు. "నవ్వు, నవ్వు. సారూ, ఇగ ఒక్కటే మాట. బుధవారం పొద్దుగూకే దాకా టైము. మూడు తోపులు సర్కారుకు అప్పజెప్పి రసీదు చూపెట్టుండ్రి. లేకుంటే ఈ పెండ్లి లేదు."

దానియేలు మాస్టారి మొహం ఎర్రబడింది. "పిల్ల పేర రాస్తామంటే సర్కారుకి రాసిమ్మంటారా? మా నాన్న కావిడితో నీళ్ళు మోసి పెంచుకున్నవండీ అవి. ఇవ్వబోతే అమ్మాయి నవ్వుతోంది, మీరు కేకలేస్తున్నారు. అంత చులకనైతే ఈ సంబంధం మాకూ వద్దులెండి."

జాషువా బిత్తరపోయి కరుణ వైపు చూశాడు. చెప్పు, ఏమైందో చెప్పు అని ఆ చూపు. కరుణకు భయం వేసింది, నిజంగా వేసింది. ఒక్క మాట చెబితే అంతా సర్దుకుంటుంది. ఆ ఒక్క మాట రావడం లేదు. నోరు తెరిస్తే నవ్వే వస్తోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అవి ఏ రకం నీళ్ళో ఆమెకే తెలియదు. నాయిన అప్పటికే రిజిస్టరు సంచిలో పెట్టేసి చెప్పుల కోసం చూస్తున్నాడు. ఇక లాభం లేదని గోడ మీది ఫోటో మేకుతో సహా ఊడబెరికి, తీసుకెళ్ళి నాయిన చేతుల్లో పెట్టింది.

"చదువు," అనగలిగింది.

శామ్యూల్ ఫోటోను చెయ్యి చాచినంత దూరం పెట్టి, తన యాసలో తను చదివాడు. "తోపుల జాషువా."

"ఇంటిపేరే తోపులోళ్ళంట," అన్నాడు వీరేశం.

దాంతో కరుణ గోడకు చేరగిలబడిపోయింది. రెండుసార్లు ఊపిరి పీల్చుకుని, పొట్ట పట్టుకుని, దానియేలు మాస్టారి వైపు తిరిగింది.

"అంకుల్, మీ తోపుల… మీ తోపుల ఏం కాస్తయి?"

ఆయన ఇంకా కోపంగానే ఉన్నాడు. "ఏం కాయడమేంటమ్మా. ఒకదాంట్లో బంగినపల్లి, ఒకదాంట్లో రసాలు. మూడోది సరుగుడు, ఏమీ కాయదు."

శామ్యూల్ ఫోటో వైపు చూశాడు, పళ్ళెంలో తాండ్ర వైపు చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, బాగా వినిపించే కుడి చెవిని దానియేలు మాస్టారి వైపు పెట్టాడు. ఇన్నేళ్ళలో కరుణ ఆయన నోట ఎన్నడూ వినని మాట అప్పుడు వింది.

"మల్లొక్కసారి చెప్పుండ్రి సారూ."

మాస్టారు మళ్ళీ చెప్పాడు. ఈసారి క్లాసులో చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. తోపంటే చెట్లండీ, ఒకేచోట వేసిన చెట్లు. మామిడి తోపు, సరుగుడు తోపు, తాటి తోపు.

"తోట అనచ్చు గద," అన్నాడు శామ్యూల్ నీరసంగా.

"తోపుని తోపనక ఏమంటామండీ? ఇంతకీ మీరేమనుకున్నారు?"

శామ్యూల్ వీరేశం వైపు చూశాడు. చెప్పే పని వీరేశం మీద పడింది. ఆయన కండువా అంచు నలుపుకుంటూ, "ఫిరంగులు" అన్నాడు.

ముందు ఎలిజబెత్ కూలబడింది, పళ్ళెంతో సహా. "ఫిరంగులా? అందుకా అన్నయ్యగారూ బియ్యం డబ్బాలో వెతికారు?" అని ఆమె అనేసరికి జాషువా గోడను పట్టుకున్నాడు. "మా చిన్నాన్న ఫిరంగి మీంచి పడ్డాడనుకున్నావా?" అని అతను, "నువ్వే గద ఎక్కినప్పుడు చూస్కోలేదన్నవు" అని కరుణ. దానియేలు మాస్టారు నవ్వకూడదని చాలాసేపు పెదవి బిగబట్టాడు. "మా ఇంట్లో ఫిరంగులున్నాయని తెలిసి కూడా పిల్లనివ్వడానికి వచ్చారా మీరు?" అని అడిగి, ఆ ప్రశ్నకు తనే పడిపడి నవ్వాడు.

"ఇయ్యనీకి రాలేదు సారూ, లెక్క రాస్కోనీకి వచ్చిన," అన్నాడు శామ్యూల్. అని, తనూ నవ్వాడు. గోదాము అంత పెద్ద నవ్వు. కింది వాటావాళ్ళు ఏమైందోనని పైకి వచ్చి చూసి, వాళ్ళకూ తాండ్ర ముక్కలు చేతిలో పెడితే తింటూ వెళ్ళిపోయారు.

బయల్దేరే ముందు ఆయన రిజిస్టరు మళ్ళీ తీశాడు. మొదలుపెట్టిన తనిఖీ ముగించకుండా లేచే అలవాటు ఆయనకు లేదు. తోపులు మూడు. రెండు పిందె మీద ఉన్నవి. ఒకటి సరుగుడు. అపాయం లేదు. కింద సంతకం పెట్టి, సాక్షి అని రాసి పెన్సిలు వీరేశానికిచ్చాడు. వీరేశం సంతకం చేస్తూ, "పట్టా మాత్రం మల్ల చూడాలె" అన్నాడు పట్టు వదలకుండా. ఆ కాగితం చింపి ఇమ్మని దానియేలు మాస్టారు బతిమాలి తీసుకుని, ఊడిన ఫోటో ఉన్న చోట అంటించుకున్నాడు.

బుధవారం పొద్దుగూకింది. ఏ గడువూ ఏ యుద్ధమూ లేకుండా ప్రగతి నగర్ నుంచి జాడీడు ఆవకాయ వచ్చింది. ఈస్టరు తర్వాతి రెండో శనివారం పెళ్ళని ఫోన్లోనే ఖాయమైంది. ఫోను శామ్యూలే ఎత్తాడు, కుడి చెవి దగ్గర పెట్టుకుని.

గురువారం పొద్దున కరుణ ఆఫీసుకు తయారై ముందు గదిలోకి వచ్చేసరికి టీవీలో బాగ్దాద్ మీద ఆకాశం బాంబులతో వెలుగుతోంది. తనిఖీదార్లను మంగళవారమే వెనక్కి పిలిపించేశారని, వెతకాల్సిన చోట్లు ఇంకా మిగిలే ఉన్నాయని చెబుతున్నారు. ఇన్ని వారాలు దీనికోసమే కూర్చున్న శామ్యూల్ ఇప్పుడు శబ్దం పూర్తిగా తగ్గించేసి, బొమ్మ మాత్రం చూస్తున్నాడు. తోపులు పేలితే ఎంత చప్పుడవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒళ్ళో రిజిస్టరు ఉంది.

బయట ఆటో హారన్ కొట్టింది. కరుణ వెళ్ళలేదు, వచ్చి ఆయన కుడి పక్కన కూర్చుంది.

"బిడ్డా, గీ బాంబులేసెటోళ్ళు ఏం తోపులని ఒక్కసారన్న మల్ల అడిగిండ్రా?" అన్నాడు ఆయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"తెల్వదు నాయినా."

ఆయన ఎడమ చెవి ఒకసారి తడుముకున్నాడు.

"నాకైతే సగం చెవుడు. గంత పెద్ద దేశానికి ఏమైంది?"